ఓడిపోయిన మొదటి కన్యాశుల్కం
(కళింగపట్నంలో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. నాకు ముందు డి.ఏ. బకాయిల మీద మాట్లాడిన మిత్రుడు నలభై నిమిషాలు తీసుకున్నారు. తప్పనను. బకాయిలంటే అంతే మరి, ఎంత చెప్పినా ఇంకా మిగులుతాయి. వంటవాళ్ళు పులుసు దించేశారని వాసన చెబుతోంది కాబట్టి నేను ఉపోద్ఘాతం మానేసి విషయంలోకి వస్తాను.

నా విషయం కన్యాశుల్కం. కంగారు పడకండి. గిరీశం చుట్ట గురించీ, మధురవాణి తెలివి గురించీ మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మీరంతా చూసింది, చదివింది, పిల్లల చేత బట్టీ పట్టించింది 1909 లో అచ్చయిన రెండో కూర్పు. దానికి ముందు ఒక కన్యాశుల్కం ఉంది. అది 1892 ఆగస్టులో విజయనగరంలో ఆడారు, 1897 లో అచ్చు వేశారు. ఆ తరువాత అది కనుమరుగైపోయింది. ఆ ఓడిపోయిన నాటకం గురించే ఈవేళ నా మాట. ఎందుకు ఎంచుకున్నానో చివర చెబుతాను. చివర చెప్పేది చెప్పడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది.

ఆ రోజులు ఒకసారి తలచుకోండి. 1892 నాటికి మద్రాసు నుంచి మన ప్రాంతానికి రైలు దారి ఇంకా పూర్తి కాలేదు. మన కళింగపట్నం రేవు ముందు ఓడలు లంగరు వేసే కాలం. ఇప్పుడు మనకు మిగిలింది లైట్‌హౌసూ, ఈ ఇసకా. అప్పుడు మనం విశాఖ జిల్లాలో కూడా లేము, గంజాం జిల్లాలో ఉన్నాం. 1936 లో ఒరిస్సా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాం, 1950 లో శ్రీకాకుళం జిల్లా అయ్యాం. ఈ జిల్లా సంగతి ఎందుకు చెప్పానో ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

విజయనగరంలో ఆనందగజపతి మహారాజు. ఆయన కొలువులో మన గురజాడ అప్పారావు గారు. అప్పారావు గారు కవిగా పుట్టి కవిగా బతికారని పిల్లల పుస్తకాల్లో ఉంటుంది గానీ, ఆయన మనలాగే ఉద్యోగి. డిప్యూటీ కలెక్టరు ఆఫీసులో హెడ్ క్లర్కు పని చేశారు, మహారాజా వారి కళాశాలలో పాఠం చెప్పారు, సంస్థానంలో శాసనాలు చదివే పని చూశారు. ఫైలు వాసన ఎరిగిన మనిషి. కన్యాశుల్కంలో దావాలూ, దస్తావేజులూ, పోలీసులూ అంత సహజంగా నడుస్తాయంటే ఊరికే కాదు.

మహారాజు గారు ఒక లెక్క తీయించారు. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో డబ్బు పుచ్చుకుని చేసిన ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఎన్ని అని. 1,034 తేలాయి. ఏడాదికి సగటున 344. ఆ పిల్లల్లో అయిదేళ్ళవాళ్ళు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ఖరీదు తలకు 350 నుంచి 400 రూపాయలు. ఈ అంకెలు అప్పారావు గారే మొదటి కూర్పు పీఠికలో ఇంగ్లీషులో రాశారు. మనం గంజాం జిల్లాలో ఉన్నాం గనుక మన ఊరి పిల్లలు ఈ లెక్కలోకి రాలేదు. ఇక్కడ అలాంటివి జరగలేదని మాత్రం ఎవరూ అనుకోకండి. లెక్క ఎవరూ రాయలేదు, అంతే. రికార్డులో లేనిది జరగనట్టే అనుకోవడం మన శాఖల పాత జబ్బు.

లెక్క తీశాక మహారాజు గారు చట్టం తేవాలని ప్రయత్నించారు. అది ఫలించలేదు. చట్టం కాలేకపోయినది నాటకం అయింది. సంస్కృత నాటకాలు ఆడే జగన్నాథ విలాసినీ సభ వారు ఈ నాటకాన్ని ఆడారు. ఇందులో ఒక సాహసం ఉంది. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం కోస్తా జిల్లాల్లో తిరిగి వెళ్ళాక మనవాళ్ళకు నాటకమంటే పాట, పద్యం, పట్టుబట్టలు, కిరీటం. అలాంటి కాలంలో ఈయన మన వీధుల్లో మనం మాట్లాడుకునే మాటే తెచ్చి రంగం మీద పెట్టారు. లుబ్ధావధాన్లు కిరీటం పెట్టుకోడు, అగ్నిహోత్రావధాన్లు రాగం తీయడు. నవ్విస్తూ నవ్విస్తూ పసిపిల్ల ఖరీదు చెప్పేస్తారు.

జనం మెచ్చారు. 1897 జనవరిలో పుస్తకం వచ్చింది, మహారాజు గారికే అంకితం. అదే ఏడాది మే నెలలో మహారాజు గారు పోయారు. అప్పారావు గారి మీద సంస్థానం వ్యవహారాలు పడ్డాయి. రీవా మహారాణి అప్పలకొండయాంబ గారి దగ్గర కార్యదర్శిగిరీ, వారసత్వపు దావా కాగితాలూ, వాటికి తోడు ఆరోగ్యం అంతంత మాత్రం. పుస్తకం కాపీలు అయిపోయాయి.

మరి ఆడింది, అమ్ముడుపోయింది, ఇది ఓటమి ఎలా అవుతుందని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. జనం ముందు ఓడలేదు. రాసినవాడి ముందు ఓడిపోయింది. కాపీలు అయిపోయినప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? అదే మళ్ళీ అచ్చు వేయిస్తారు. ఆయన వేయించలేదు. అయిదు అంకాల నాటకాన్ని విప్పేసి ఏడు అంకాలుగా మళ్ళీ కట్టారు. 1909 లో వచ్చినది పేరుకు రెండో కూర్పు, నిజానికి కొత్త పుస్తకం. మొదటిదానిలో మధురవాణి పాత్ర చిన్నది. రెండోదానిలో కథ తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు. ఆడపిల్లల బాధ మీద నాటకం రాసిన మనిషి, ఆ నాటకంలో ఆడమనిషికి నోరు సరిపోలేదని తానే గ్రహించినట్టు నాకు తోస్తుంది. ఇది నా అభిప్రాయం, పండితులు కోప్పడవచ్చు.

దాంతో మొదటిది మరుగున పడింది. 1969 లో నెల్లూరు బండి గోపాలరెడ్డి గారు, అదే బంగోరె గారు, 'మొట్టమొదటి కన్యాశుల్కం' అని దాన్ని మళ్ళీ అచ్చు వేయించేదాకా మామూలు పాఠకుడి చేతికి అది అందలేదు. బ్రౌను దొరగారి కాగితాల కోసం కూడా ఇలాగే తిరిగిన మనిషి ఆయన. గెలిచిన పుస్తకాన్ని ఎవరైనా అచ్చు వేస్తారు. ఓడినదాన్ని వెతికి అచ్చు వేయడానికి ఒక రకం మనిషి కావాలి.

ఇప్పుడొక్కసారి సముద్రం దాటి లండను వెళ్ళి వద్దాం. ఇదే కాలం, విక్టోరియా రాణి గారి కాలం. అక్కడ గిల్బర్ట్ అని ఒక రచయిత, సలివన్ అని ఒక సంగీతకారుడు. ఇద్దరూ కలిసి మాటా పాటా కలిసిన హాస్య నాటకాలు తయారు చేసేవారు. వాటిని కామిక్ ఆపెరా అంటారు. 1885 లో వచ్చిన 'మికాడో' ఏకంగా 672 ఆటలు ఆడింది. ఆ తరువాత 1890 లో ఈ జంటకు తగువు వచ్చింది. దేని మీద? నాటకశాలలో వేసిన కొత్త తివాచీ ఖర్చు మీద! నవ్వకండి. మన క్వార్టర్సు అసోసియేషనులో మోటారు పంపు ఖర్చు మీద పదకొండేళ్ళు మాట్లాడుకోని అన్నదమ్ములున్నారు, ఈ సభలోనే ఉన్నారు.

తరువాత సర్దుకున్నారు గానీ పాత ఊపు రాలేదు. 1896 మార్చి 7 న వారి ఆఖరి ఆపెరా 'ది గ్రాండ్ డ్యూక్' మొదలైంది. విశాఖపట్నంలో పాత పుస్తకాల దుకాణంలో దొరికిన ఒక పుస్తకంలో దీని కథ చదివి నేను ఒక్కణ్ణీ కూర్చుని నవ్వాను. అదొక చిన్న రాజ్యం. అక్కడ పాతకాలపు చట్టం ఒకటి ఉంది. ఇద్దరికి తగాదా వస్తే కత్తులు దూయక్కర్లేదు, చెరొక పేకముక్క తీస్తే చాలు. చిన్న ముక్క వచ్చినవాడు చట్టం దృష్టిలో చచ్చినట్టే. మనిషి మాత్రం ఎదురుగా తిరుగుతూ ఉంటాడు! గెలిచినవాడు ఆ చచ్చినవాడి బరువు బాధ్యతలన్నీ నెత్తిన పెట్టుకోవాలి. ఒక నాటకాల కంపెనీ హాస్యగాడు అలా గెలిచి రాజ్యం సంపాదిస్తాడు. రాజ్యంతో పాటు, ఓడినవాళ్ళు మాటిచ్చిన పెళ్ళికూతుళ్ళందరూ వచ్చి అతని మీద పడతారు. చివరికి ఒక ప్లీడరు పుస్తకం తిరగేసి, ఈ చట్టం ప్రకారం ఆసు అన్నిటికన్నా చిన్న ముక్క అని కనిపెడతాడు. గెలిచినవాళ్ళంతా ఓడినవాళ్ళే అని తేలుతుంది.

మనిషి బతికుండగా కాగితం మీద చచ్చిపోవడం పింఛనుదార్లకు కథ కాదు. నాకే ఒక ఏడాది లైఫ్ సర్టిఫికెట్ ఎక్కడో ఏ కాగితాల కిందో ఉండిపోయి మూడు నెలలు పింఛను ఆగింది. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. 'మీరు బతికున్నట్టు రికార్డులో లేదండి' అన్నాడు పాపం ఆ కుర్రాడు, కుర్చీ చూపిస్తూనే. అప్పటికి నేను గ్రాండ్ డ్యూక్ కథ చదవలేదు. చదివి ఉంటే పేకముక్క అడిగేవాణ్ణి.

ఇంత సరదా కథ ఆడాలి కదా. ఆడలేదు. మొదటి రాత్రి చప్పట్లు బాగానే పడ్డాయి. తరువాత జనం పలచబడ్డారు. సలివన్ ఆటను వదిలి మాంటీకార్లో వెళ్ళిపోయాడు. గిల్బర్ట్ కొన్ని పాటలు కోసి చూశాడు. 123 ఆటలతో జూలైలో ఆగిపోయింది. వాళ్ళిద్దరి ఆపెరాల్లో నష్టం తెచ్చినది ఇదొక్కటే. ఇద్దరూ మళ్ళీ కలిసి పని చేయలేదు. 1900 లో సలివన్, 1911 లో గిల్బర్ట్ పోయారు. అసలు కంపెనీవారే దాన్ని లండనులో మళ్ళీ వినిపించడానికి 1975 దాకా పట్టింది.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకొకటి కనిపించింది. 1896 లో అక్కడ నాటకం ఓడిపోతే రచయిత నాలుగు పాటలు కోసి ఊరుకున్నాడు. ఆయన తప్పేమీ లేదు, అక్కడ టిక్కెట్టు డబ్బు మాట్లాడుతుంది. ఇక్కడ 1897 లో నాటకం గెలిస్తే రచయిత దాన్ని తానే ఓడించి పన్నెండేళ్ళకు మళ్ళీ రాశాడు. టిక్కెట్టు లెక్కలో గెలుపూ ఓటమీ ఒక రకం, రాసినవాడి మనసులో ఇంకో రకం. అలా అని అప్పారావు గారికి అన్నీ అందాయా? 'కొండుభట్టీయం' అని ఇంకో హాస్య నాటకం మొదలుపెట్టారు. పూర్తి కాలేదు. 'బిల్హణీయం' కూడా పూర్తి కాలేదు. 1913 లో రిటైరయ్యారు. మన భాషలో చెప్పాలంటే, ఇక తీరిక దొరికిందనుకున్న సమయం. 1914 లో వాడుక భాష కోసం మద్రాసు విశ్వవిద్యాలయానికి పెద్ద అసమ్మతి పత్రం రాశారు. 1915 నవంబరు 30 న పోయారు. రెండేళ్ళే దక్కింది ఆయనకు రిటైర్‌మెంటు.

ఇక నేను చివర చెబుతానన్న మాట.

మీలో పాతవారికి మా హెడ్ గుమాస్తా గారు గుర్తుండే ఉంటారు. పేరు చెప్పను. చెబితే ఆయనకు నచ్చేది కాదు. 1981 లో మా రిక్రియేషన్ క్లబ్బు వార్షికోత్సవానికి ఆయన ఒక హాస్య నాటకం రాశారు, మధ్యమధ్య పాటలతో. కథ కట్నం మీద. పెళ్ళికొడుకును వేలం పాట పెడతారు, మేజా మీద సుత్తి కొట్టి మరీ. అప్పారావు గారి కాలంలో పిల్లకు ఖరీదు, మన కాలంలో పిల్లాడికి ఖరీదు. 1961 లో చట్టం వచ్చినా వేలం ఆగలేదు కదా, అన్నారాయన రిహార్సల్సులో. నేను వేలం గుమాస్తా వేషం.

ఆ రాత్రి నాటకం పడిపోయింది. హార్మోనియం పెట్టె బెలోసు చిరిగింది. రెండో అంకంలో పెట్రోమాక్సు ఆరింది. భోజనాలు ముందు పెట్టడం వల్ల సగంమంది ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు నవ్వాల్సిన చోట నవ్వలేదు, నవ్వకూడని చోట నవ్వారు. నేను క్లబ్బు కార్యదర్శిని. మర్నాడు మినిట్సు పుస్తకంలో ఒక వాక్యం రాశాను: 'నాటకము విఫలమైనది, వచ్చే సంవత్సరము సినిమా వేయించుట మేలు.' ఆ పేజీ కింద ఆయన కూడా సంతకం పెట్టాలి. చదివి, కళ్ళజోడు తుడుచుకుని, సంతకం పెట్టారు. ఒక్క మాట అనలేదు. ఆ తరువాత మా ఇద్దరి మధ్య నాటకం ప్రస్తావనే రాలేదు. ఇరవై ఏళ్ళు పక్కపక్కన పని చేశాం.

ఆయన పోయాక పెద్ద కార్యానికి వెళ్ళాను. వాళ్ళమ్మాయి లోపలి నుంచి ఒక రేకు పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. 'బాబాయిగారూ, ఇవి మీకు ఇమ్మన్నారు నాన్న' అంది. మూడు నోటు పుస్తకాలు. మొదటిది 1981 నాటిది, మేము ఆడినదే. రెండోది రిటైరయ్యాక రాసినది. మూడోది ఇంకా తరువాతది, అక్షరాలు వణికాయి. అదే నాటకం మూడుసార్లు.

మేము ఆడినదాంట్లో పెళ్ళికూతురికి రెండే మాటలున్నాయి. ఒకటి 'సరే', ఒకటి 'అలాగే'. మూడో పుస్తకంలో వేలం జరుగుతున్నంతసేపూ ఆ పిల్ల మాట్లాడుతూనే ఉంటుంది. సుత్తి ఎవరి చేతిలో ఉందో, పాట ఎవరు పెంచుతున్నారో, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తోందో అన్నీ ఆ పిల్లే చెబుతుంది. చదువుతుంటే నాకు చెయ్యి ఆడలేదు.

అమ్మాయిని అడిగాను, 'ఇంత మారుస్తారని నాకెప్పుడూ చెప్పలేదే అమ్మా' అని.

'మీరు విఫలం అని రాసిన మాట నిజమే అనేవారు బాబాయిగారూ. అయితే ఎక్కడ విఫలమైందో మీకు తెలీదట. నా పెళ్ళికి జి.పి.ఎఫ్. లోను పెట్టిన ఏడాదే కదా మొదలెట్టారు. నాకు మాటలు పెట్టడం మర్చిపోయాను అనేవారు.'

ఆ లోను దరఖాస్తు మీద నోటు పెట్టింది నేనే. 'కారణము: కుమార్తె వివాహము' అని రాసి పైకి పంపాను. పన్నెండు వేల రూపాయలు. రూల్సు ప్రకారం సరిగ్గానే ఉంది. అందులో పెళ్ళి ఖర్చు ఎంత, వేలం పాట ఎంత అని నేను అడగలేదు. అడిగే కాలమ్ ఆ ఫారంలో లేదు.

మూడో పుస్తకంలో ఆఖరి అంకం లేదు. ఆ పిల్ల సుత్తి అందుకునే చోట ఆగిపోయింది. కొండుభట్టీయం లాగే అనుకున్నాను. ఎవరైనా పూర్తి చేస్తారా అని మా తెలుగు మేష్టార్ని అడిగితే, 'ఆగిన చోట ఆగనివ్వండి, తెర దించేయండి' అన్నారు. నాకూ అదే సబబుగా తోచింది.

అధ్యక్షుల వారికి నా మనవి రెండు. మొదటిది, క్లబ్బు మినిట్సు పుస్తకం ఇప్పుడు మన సంఘం బీరువాలో ఉంది. 1981 పేజీలో నేను రాసిన వాక్యం కింద, నా సంతకంతో, ఈ మూడు పుస్తకాల సంగతి రెండు వాక్యాలు రాయడానికి అనుమతి కావాలి. పాతది కొట్టివేయను. రికార్డు కొట్టివేయకూడదని నాకు నేర్పింది ఆయనే.

రెండోది, వచ్చే సమావేశంలో మూడో పుస్తకాన్ని చదివి వినిపిద్దాం. వేషాలు వద్దు, దీపాలు వద్దు, కుర్చీల్లో కూర్చుని చదవడమే. గంటన్నర పడుతుంది. భోజనాలు ఈసారి తరువాత పెట్టండి. వేలం గుమాస్తా భాగం నేనే చదువుతాను. పళ్ళ సెట్టు కొత్తది కట్టించుకున్నాను. పెళ్ళికూతురి భాగం చదవడానికి వాళ్ళమ్మాయి ఒప్పుకుంది. ఆమెకూ ఇప్పుడు పింఛనే, బడిలో పని చేసి రిటైరయింది. మూడో వరసలో కూర్చుని ఉంది. నేను ఇదంతా చెబుతానని ఆమెకు ముందుగా చెప్పలేదు, క్షమించాలి.

పులుసు చల్లారుతోంది. శలవు.